వృద్ధాప్యంలో మెదడు: నడకా, కొత్త పాఠమూ

కృష్ణా పశ్చిమ డెల్టా రైతుకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. కాలువలో నీరు తగ్గినప్పుడు ముందుగా ఎండేది ఎగువ భూమి కాదు, శివారు భూమి. దుగ్గిరాల దగ్గర మొదలై, సంగం జాగర్లమూడి మీదుగా పెదగంజాం వైపు సాగిపోయే కొమ్మమూరు కాలువనే తీసికొందాం. లాకుల దగ్గర నీరు నిండుగా కనబడుతూ ఉండవచ్చును. కాని దారిలో పూడిక మేట వేసినా, గుర్రపుడెక్కా తూటికాడా అల్లుకొన్నా, చిట్టచివరి ఎకరాలకు తడి అందదు. అక్కడి రైతు పైరు ఎండుతున్నదని మొరపెట్టుకొనేదాకా, కాలువలో లోపం ఉన్నదని ఎగువవారికి తోచదు.

మన మెదడులో కూడా ఇటువంటి శివారు భూములు ఉన్నవి.

మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. శరీరం మొత్తం బరువులో ఇది నూటికి రెండు వంతులు మాత్రమే. కాని విశ్రాంతిగా ఉన్న మనిషి వాడుకొనే ప్రాణవాయువులో అయిదవ వంతును ఈ ఒక్క అవయవమే ఖర్చుచేస్తుంది. ఈ సరఫరా అంతా మెడలోనుంచి పైకి పోయే నాలుగు ధమనుల ద్వారా జరుగుతుంది. అవి కొమ్మలుగా, రెమ్మలుగా చీలి, చివరకు వెంట్రుకంత సన్నని నాళాలై మెదడు లోతుల్లోకి దిగుతవి. మెదడు పైపొరలో నాడీకణాల గుంపులు ఉంటవి. లోపలి భాగంలో ఆ గుంపులను ఒకదానితో ఒకటి కలిపే తీగలవంటి తంతువులు ఉంటవి. ఈ లోపలి భాగానికి తెల్లపదార్థం అని పేరు. ఇదే మెదడుకు శివారు ఆయకట్టు. ఇక్కడ ఒక సన్ననాళం మూసుకొనిపోతే, ప్రక్కనుంచి మరొకటి వచ్చి ఆదుకొనే ఏర్పాటు బహు తక్కువ.

రక్తపు పోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ సన్ననాళాల గోడలు మందమై, గట్టిపడి, లోపలి దారి ఇరుకవుతుంది. మధుమేహమూ, పొగాకూ కూడా ఇదే పని చేస్తవి. మనిషికి నొప్పి తెలియదు, పక్షవాతం కనబడదు. ఆలోచన మాత్రం నెమ్మదిస్తుంది. ఒకేసారి రెండు పనులు చూచుకోవడం కష్టమవుతుంది. విచిత్రమేమంటే, తరచుగా అదే కాలంలో నడక కూడా మందగిస్తుంది. అడుగు చిన్నదవుతుంది, మలుపు తిరిగేటప్పుడు తూలు వస్తుంది. నడిపించే తీగలూ, ఆలోచింపజేసే తీగలూ ఒకే ఆయకట్టులో ఉండడమే ఇందుకు కారణం. కాళ్లకూ తెలివికీ సంబంధం ఏమిటని నవ్వేవారు ఈ విషయం గమనించవలె.

ముసలితనంలో కొంత మరపు సహజమే. అంగడికి పోయి, కొనవలసిన నాలుగు వస్తువులలో ఒకటి మరచి రావడం జబ్బు కాదు. నలభై ఏండ్లుగా నడచిన డొంకలో దారి తప్పడం జబ్బు. మనవాళ్లు రెండింటినీ కలిపి ‘పెద్దతనం, చాదస్తం’ అని త్రోసివేస్తారు. వైద్యులు డిమెన్షియా అని పిలిచే ఈ రెండవ స్థితిలో జ్ఞాపకం, ఆలోచన, మాట, చివరకు రోజువారీ పనులు చేసికొనే నేర్పు క్రమక్రమంగా దెబ్బతింటవి. దీనిలో పెద్ద భాగం ఆల్జీమర్స్ వ్యాధి వల్ల వచ్చేది. రక్తనాళాలు చెడడం వల్ల వచ్చేది ఆ తరువాతది. చాలామందిలో రెండూ కలిసే ఉంటవి. దేశవ్యాప్తంగా జరిగిన సర్వేను ఆధారం చేసికొని 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం, మన దేశంలో 60 ఏండ్లు వచ్చినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, డిమెన్షియా ఉన్నది. పురుషులలో కంటె స్త్రీలలో, పట్టణాలలో కంటె పల్లెలలో ఇది ఎక్కువ. ఇదే లెక్కను తిరగవేసి చూస్తే, నూటికి తొంభై ఇద్దరికి పైగా ఈ జబ్బు లేకుండానే ఉన్నారన్నమాట. ముసలితనమూ మతి తప్పడమూ ఒకటే అనుకోవడం సరికాదు.

లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఒక నివేదిక ఇచ్చినది. మనం మార్చుకొనడానికి వీలున్న 14 కారణాలను ప్రపంచమంతటా పూర్తిగా తొలగించగలిగితే, డిమెన్షియా కేసులలో సుమారు నూటికి 45 వరకు రాకుండా గాని, ఆలస్యంగా వచ్చేటట్లు గాని చేయవచ్చునని అందులో అంచనా కట్టినారు. చిన్ననాటి చదువు లేకపోవడం, రక్తపు పోటు, మధుమేహం, పొగత్రాగడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం, శరీరానికి కదలిక లేకపోవడం ఆ జాబితాలో ఉన్నవి. ఇది జనం మొత్తానికి వేసిన లెక్క. ఫలానా మనిషికి జబ్బు రాదని హామీ పత్రం కాదు.

పల్లెటూళ్లలో ఇదివరకు మెదడుకు వ్యాయామం అనే మాటతో అవసరమే ఉండేది కాదు. సంగం జాగర్లమూడి వంటి మాగాణి గ్రామంలో రైతు వేకువనే పొలం పోయి, గట్టు వెంట తిరిగి, మడవ ఎక్కడ విప్పవలెనో, ఎక్కడ కట్టవలెనో చూచుకొనేవాడు. వానకు నానిన గట్టుమీద అడుగు వేయడం కాళ్లకే కాదు, తూలకుండా నిలబెట్టే మెదడుకు కూడా పని. ఎంత విత్తనం, ఎవరికి ఎంత కూలి, నీటి వంతు ఎవరిది, ఎరువుల కొట్లో బాకీ ఎంత, ఇదంతా తలలోనే పద్దు. ఇంట్లో స్త్రీలకు తిరగలి, రోలు, రోకలి, గేదెల పని, చెరువునుంచి మంచినీళ్లు. ఇప్పుడు పొలానికి మోటారు సైకిలు పోతున్నది, కోతకు యంత్రం వస్తున్నది, పిండి మరలో పడుతున్నది. శ్రమ తగ్గడం మంచిదే. ఆ శ్రమలో నడుములు విరిగినవారు ఎందరో ఉన్నారు గనుక వెనుకటి రోజులే బాగుండేవని ఈ వ్యాసం చెప్పడం లేదు. కాని బరువుతోపాటు నడకా, లెక్కా కూడా ఇంటినుంచి వెళ్లిపోయినవి.

అరవై దాటిన తరువాత జరిగేది మరొకటి ఉన్నది. “ఇంకా మీకెందుకు నాన్నా ఈ తిప్పలు, కూర్చోండి” అంటాడు కొడుకు. “మీరు లేవకండి అత్తయ్యా, నేను చూచుకొంటాను” అంటుంది కోడలు. అనేది ప్రేమతోనే. పొలం కౌలుకు పోతుంది, పద్దు కొడుకు సెల్‌ఫోనులోకి పోతుంది, వంటింటి పెత్తనం చేతులు మారుతుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే కూర్చోమని చెప్పేవారు కూడా ఉండరు. ఖాళీ ఇల్లే కూర్చోబెడుతుంది. ఏడాది తిరిగేసరికి మంచంనుంచి టెలివిజను ముందున్న కుర్చీకి, కుర్చీనుంచి మంచానికి తప్ప నడక ఉండదు. ఏ పూట ఏ కూర అనేది తప్ప నిర్ణయించవలసిన విషయం ఉండదు. ముసలివారికి మనం ఇంత ఆదరంతో ఇచ్చే విశ్రాంతి, వారి మెదడుకు పనికివచ్చే రెండు వస్తువులనూ ఒకేసారి తీసివేస్తున్నది. ఆ రెంటిలో నడక సంగతి ముందు చూద్దాం.

నడక మెదడును మార్చగలదా అనే ప్రశ్నపై పేరుపడ్డ పరీక్ష ఒకటి అమెరికాలో జరిగి, 2011లో ప్రకటింపబడినది. డిమెన్షియా లేనివారు, అంతగా కదలిక లేని జీవితం గడుపుతున్నవారు, 55 మొదలు 80 ఏండ్ల వయస్సుగలవారు 120 మందిని తీసికొని రెండు జట్లు చేసినారు. ఒక జట్టువారు వారానికి మూడు రోజులు నడచినారు. మొదటి వారం పది నిమిషాలే. వారం వారం అయిదేసి నిమిషాలు పెంచుకొంటూ నలభై నిమిషాలకు చేర్చినారు. రెండవ జట్టువారు ఒళ్లు సాగదీసే తేలిక వ్యాయామాలు చేసినారు. ఏడాది తరువాత చిత్రాలు తీసి కొలిచినప్పుడు, కొత్త జ్ఞాపకాలను పదిలపరచడానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగం నడచినవారిలో సుమారు నూటికి 2 వంతులు పెరిగినది. రెండవ జట్టులో సుమారు 1.4 వంతులు తగ్గినది. ఆ వయస్సులో ఈ భాగం ఏటేటా కొద్దికొద్దిగా తరగడమే మామూలు. కనుక ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించినది.

ఇక్కడ తొందరపడకూడదు. ఆ పరీక్షలో జ్ఞాపకశక్తి రెండు జట్లలోనూ కొంత మెరుగైనది. తరువాత జరిగిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. 2022లో ప్రకటించిన మరొక అమెరికా పరీక్షలో 585 మంది వృద్ధులు పాల్గొన్నారు. వ్యాయామం చేసినవారికి ఆరు నెలలలో జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగిన అదనపు లాభం కనబడలేదు. మరొక చిక్కు కూడా ఉన్నది. నడిచేవారిలో డిమెన్షియా తక్కువగా ఉన్నదని అనేక పరిశీలనలు చెబుతున్నవి. అయితే నడవనందువల్ల జబ్బు వచ్చినదా, జబ్బు లోలోపల మొదలైనందువల్ల నడక తగ్గినదా? లండనులో పదివేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులను సుమారు 28 ఏండ్లపాటు గమనించి 2017లో వెలువరించిన పరిశోధనలో, డిమెన్షియా బయటపడడానికి తొమ్మిది ఏండ్ల ముందునుంచే రోగులలో కదలిక తగ్గుతూ వచ్చినట్లు తేలినది. అనగా కొంతవరకు బండి ముందు, ఎద్దు వెనుక అన్నట్లు మనం లెక్క చూస్తున్నామేమో అనే అనుమానం న్యాయమైనదే.

అయినా నడకను సిఫారసు చేయడానికి గట్టి కారణం మిగిలే ఉన్నది. నడక రక్తపు పోటును తగ్గిస్తుంది, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుతుంది, నిద్రపట్టిస్తుంది, దిగులును తగ్గిస్తుంది, కాళ్లలో బలం నిలిపి పడిపోకుండా కాపాడుతుంది. ఇవి సందేహం లేని సంగతులు. శివారుకు నీరు అందవలెనంటే కాలువ బాగుచేయవలె. నడక చేసేది ముఖ్యంగా కాలువ మరమ్మతే. వ్యాయామం చేసినప్పుడు నాడీకణాల పోషణకు తోడ్పడే కొన్ని ప్రొటీనులు ఎక్కువగా తయారవుతవని కూడా ప్రయోగశాలలలో కనిపెట్టినారు.

ఎంత నడవవలె? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం వారానికి కనీసం 150 నిమిషాలు, మధ్యరకపు వేగంతో. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులన్నమాట. మధ్యరకపు వేగం అంటే గడియారం పట్టనవసరం లేదు. తెనాలి ప్రాంతంలో పద్యనాటకాలు తెలియనివారు ఉండరు గనుక ఇట్లా చెప్పవచ్చును: ప్రక్కవారితో మాట్లాడగలగాలి, కాని పద్యం ఎత్తుకొని రాగం తీయడానికి ఊపిరి చాలకూడదు. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులు తూలకుండా నిలబడే అభ్యాసం, బలం పెంచే అభ్యాసం కూడా చేయవలెనని ఆ సంస్థ చెబుతున్నది. దీనికి సరంజామా అక్కరలేదు. గోడకు దగ్గరగా నిలిచి ఒంటికాలిమీద పది అంకెలు లెక్కపెట్టడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోనుంచి పదిసార్లు లేవడం చాలును. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు ముందుగా వైద్యునికి చూపించుకోవలె. మోకాళ్లు అరిగినవారు గట్టు మానివేసి చదునైన బాటమీద నడవవచ్చును. వేకువ మసకలో కాలువగట్టు పట్టేవారు చేతిలో దీపం, కాలికి చెప్పు మరవకూడదు. పురుగూ పుట్రా మనకంటె ముందే అక్కడ నడుస్తూ ఉంటవి.

ఇక మనస్సుకు ఇచ్చే సాధన. ఈ విషయంలో తెలుగువారికి గర్వకారణమైన సంప్రదాయం ఒకటి ఉన్నది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపులనుంచి అడుగుతూ ఉంటే, అవధాని సమస్య పూరించాలి, దత్తపది నింపాలి, నిషిద్ధాక్షరిని దాటాలి, మధ్యలో మ్రోగిన గంటలు లెక్కపెట్టాలి, ఒకరి అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా బదులు చెప్పాలి, చివరకు అన్ని పద్యాలనూ ధారణలోనుంచి అప్పగించాలి. ఏకాగ్రతకు ఇంతకంటె కఠినమైన పరీక్ష మరొకటి ఉండదేమో. అయితే ఇంతటి అవధాని ఇంటికి పోయి పాలలెక్కలో పొరపడవచ్చును. ఆయన ఏండ్ల తరబడి సాధన చేసినది ఛందస్సూ ధారణా. పెరిగినవి కూడా ముఖ్యంగా అవే.

ఇది హాస్యానికి చెప్పిన మాట కాదు. 1998లో అమెరికాలో ఆరంభించిన ఒక పెద్ద పరీక్షలో 65 ఏండ్లు దాటిన 2,832 మంది చేరినారు. ఒక జట్టుకు జ్ఞాపకంలో, ఒక జట్టుకు తర్కంలో, ఒక జట్టుకు చూచినదానిని చురుకుగా గ్రహించడంలో పదేసి పాఠాలు చెప్పినారు. నాలుగవ జట్టుకు ఏమీ చెప్పలేదు. 2002లో వచ్చిన ఫలితాలలో ఏ పాఠం నేర్చినవారు ఆ విద్యలోనే మెరుగైనారు. జ్ఞాపకం సాధన చేసినవారికి తర్కం పెరగలేదు. తర్కం నేర్చినవారికి చురుకు రాలేదు. పదేండ్ల తరువాత కూడా తర్కం, చురుకు నేర్చినవారిలో లాభం కొంత మిగిలి ఉన్నది గాని, జ్ఞాపకం జట్టులో మిగలలేదు.

కనుక ఒకే ఆటను ప్రతిరోజూ ఆడి మెదడు మొత్తం పదునెక్కిందనుకోవడం పొరపాటు. ముప్పై ఏండ్లుగా పేకాడుతున్న పెద్దమనిషికి ఆ ముక్కలు కొత్తగా నేర్పేదేమీ లేదు. అక్కడి స్నేహితుల మాటలే ఆయనకు లాభం. కంఠతా వచ్చిన నూరు పద్యాలను మళ్లీ వల్లించడం ఆనందమే గాని, రాని పద్యం ఒకటి పట్టుదలగా నేర్వడం సాధన. తెలిసిన ముగ్గును కళ్లు మూసుకొని వేసే అమ్మమ్మ, మనుమరాలు తెచ్చిన కొత్త చుక్కల లెక్కను విడదీసి చూస్తే అది సాధన. సెల్‌ఫోనులో డబ్బు పంపడం నేర్చుకోవడం కూడా ఇటువంటిదే. పిల్లలు ఫోను లాక్కొని తామే చేసిపెట్టకుండా, నాలుగుసార్లు తప్పుపోయినా ఓపికపట్టి చూడవలె. రాని పనిలో కొద్దిగా తంటాలు పడడమే మెదడుకు అందే కసరత్తు.

కొత్త విద్య అనగానే మాకు చదువే లేదే అనేవారికి హైదరాబాదునుంచి ఒక మంచి వార్త ఉన్నది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, తోటి పరిశోధకులు కలిసి డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలను పరిశీలించి, 2013లో ప్రకటించినారు. వారిలో 391 మందికి రెండు గాని అంతకు మించి గాని భాషలు వచ్చును. ఒకే భాష తెలిసినవారికంటె వీరిలో జబ్బు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలైనది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు బజారులోనే కలిసిపోయే నగరం గనుక అక్కడ ఇటువంటి పరిశీలనకు వీలుచిక్కినది. అన్నిటికంటె విశేషం, బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా కనబడడం. కనుక ఇది కేవలం చదువు ఫలితం అనడానికి లేదు. ఎదుటి మనిషిని బట్టి ఒక భాషను ఆపి మరొక భాషను అందుకోవడం మెదడులో దృష్టిని అదుపుచేసే భాగాలకు నిత్యం పని కల్పిస్తుందని పరిశోధకుల ఊహ. రెంటికి మించి భాషలు వచ్చినందువల్ల అదనపు లాభం వారికి కనబడలేదు. ముసలితనంలో కొత్తగా భాష నేర్చుకొంటే ఇదే ఫలం వస్తుందని ఈ పరిశీలన రుజువు చేయలేదు. జీవితమంతా రెండు భాషల మధ్య మసలినవారి సంగతి ఇది. కాని తెలివికి నిల్వధనం బడిలోనే కాక బజారులో, పనిలో, మాటలో కూడా చేరుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

నడకనూ సాధననూ విడదీయకుండా కలిపి పరీక్షించిన దేశం ఫిన్లండ్. అక్కడ 60 మొదలు 77 ఏండ్ల మధ్యగల 1,260 మందిని, డిమెన్షియా వచ్చే అవకాశం కొంత ఎక్కువగా ఉన్నవారిని ఎన్నుకొన్నారు. సగంమందికి సాధారణమైన ఆరోగ్య సలహాలు చెప్పినారు. మిగిలిన సగానికి ఆహారంలో మార్పులు, వ్యాయామం, మెదడుకు అభ్యాసాలు, రక్తపు పోటు మొదలైనవాటిపై గట్టి నిఘా, ఇవన్నీ రెండేండ్లు అమలుజరిపినారు. 2015లో వచ్చిన ఫలితాలలో రెండు జట్లూ బాగుపడినవి గాని, రెండవ జట్టు కొంత ఎక్కువగా బాగుపడినది. తేడా మరీ పెద్దది కాదు. అయితే విడివిడిగా తడబడిన ఉపాయాలు కలిసి చేసినప్పుడు పనిచేయడం చూచి, ఇదే పద్ధతిని ఇతర దేశాలు కూడా పరీక్షకు తీసికొన్నవి.

చెవి, కన్ను గురించి రెండు మాటలు. చెవుడు వచ్చిన మనిషి మొదట ప్రశ్న మళ్లీ అడుగుతాడు, తరువాత అడగడం మానుకొంటాడు, ఆ తరువాత నలుగురిలోకి రావడమే మానుకొంటాడు. ఇంట్లోవారు దీనిని మతిమరుపు అనుకొంటారు. చెవి పరీక్ష, కంటి శుక్లానికి ఆపరేషను మెదడుకు చేసే సేవలో భాగాలే.

రక్తపు పోటును ఎంతటి ఆరోగ్యవంతుడైనా ఏటికి ఒకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవలె. పోటు ఉన్నవారు, బాగానే ఉన్నదిగదా అని మాత్రలు మానివేయకూడదు. బాగుండడం ఆ మాత్రవల్లనే.

వైద్యునివద్దకు ఎప్పుడు పోవలె? అడిగిన ప్రశ్ననే గంటలో నాలుగుసార్లు అడుగుతున్నా, తెలిసిన దారి తప్పుతున్నా, డబ్బు లెక్క తికమకపడుతున్నా, ఎన్నడూ లేని అనుమానాలూ కోపమూ వస్తున్నా ఆలస్యం చేయకూడదు. థైరాయిడ్ గ్రంథి మందగించడం, బి-12 విటమిను లోపం, దిగులు జబ్బు, కొన్ని నిద్రమాత్రలూ జలుబు మాత్రలూ మతిమరుపు తెచ్చిపెడతవి. వీటికి చికిత్స ఉన్నది. చాదస్తమని ఊరుకొంటే మాత్రం అందదు. వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, ఒక సంచిలో వేసి వెంట తీసికొనిపోవలె. రోజూ ఇంట్లో కలిసి ఉండేవారు ఒకరు తోడు రావడం అవసరం. మరపు ఎప్పుడు మొదలైనదో రోగికంటె వారికే బాగా తెలిసి ఉంటుంది.